నవాబు తోక చిరుగు

వదిన కుట్టు మిషనుకు ఎదురుగా ఉండేది చేపల తొట్టె. అందులో ఉన్నది ఒక ప్లాస్టిక్ మొక్క, ఒకే ఒక్క ఫైటరు చేప. ముదురు నీలం రంగు, తోక విప్పితే పట్టు గౌను కుచ్చులు పరిచినట్టే. దానికి నవాబని పేరు పెట్టింది మరదలు. పేరుకు చేప మరదలిదే గాని, ఆమె రక్తపరీక్షల ల్యాబు నుంచి పొద్దుగూకితేగాని ఇల్లు చేరదు. పగలంతా దానితో కబుర్లు చెప్పేది వదినే.

ఒక సాయంత్రం మరదలు చెప్పులైనా విప్పకుండా తొట్టె ముందు చతికిలబడింది.

"వదినా! వీడి తోక చూశావా? పేలికలైపోయింది!"

వదిన మిషను వదిలి లేచి వచ్చింది. గిరాకీ తొందరలో పొద్దుటి నుంచి తలెత్తి చూసింది లేదు.

మరదలు భూతద్దం తెచ్చి తొట్టె గాజుకు ముక్కు ఆనించింది. "కుళ్ళు జబ్బైతే అంచులు నల్లబడి కరిగినట్టుండాలి. అదేం లేదు. తెల్ల నూగూ లేదు. మేత చూస్తే శుభ్రంగా లాగించేస్తున్నాడు."

"గాజులో తన నీడే చూసుకుని, కోపంతో తోక కొరుక్కున్నాడేమోనే?"

"కొరికితే ముక్క ఊడాలి కదా. ఇవి నిలువు చీలికలు."

నీళ్ళు పరీక్షిస్తే అవీ బాగానే ఉన్నాయి. ఎందుకైనా మంచిదని మరదలు నవాబును మంచినీళ్ళ గాజు జాడీలోకి మార్చి మిషను పక్కన పెట్టింది. కొన్నాళ్ళకు చీలికలు పూడుకోసాగాయి.

"ఎలా ఉంది నా వైద్యం?" అంటూ కాలరెగరేసి, నవాబును మళ్ళీ తొట్టెలో వదిలింది. మర్నాటికల్లా తోక మళ్ళీ చిరిగింది. మరదలు తల పట్టుకుని ల్యాబుకు వెళ్ళింది.

జాడీలో బాగుపడినవాడు తొట్టెలో ఎందుకు చిరుగుతున్నాడు? వదిన మిషను ఆపి, కళ్ళలో వత్తులు వేసుకుని చూస్తూ కూర్చుంది. నవాబు ప్లాస్టిక్ మొక్క ఆకుల మధ్య నుంచి రివ్వున దూరి అటు తేలాడు. వెనక్కి తిరిగి మళ్ళీ దూరాడు. అదే వాడి ఆట.

వదిన చూపు ఆ ఆకుల అంచుల మీద ఆగింది. ఆ మొక్క ముచ్చటపడి కొని తెచ్చింది తనే.

నవాబును మళ్ళీ జాడీలోకి మార్చి, మొక్కను బయటికి తీసి తుడిచి, సాటిన్ గుడ్డ పీలిక ఒకటి దాని మీదుగా లాగింది. గుడ్డ చర్రుమని ఆకు అంచుకు చిక్కుకుంది. దారం పోగు లేచింది. ఇంకో ఆకు మీద లాగినా అదే కథ. గప్‌చుప్‌గా చెత్తబుట్టలో పడేస్తే ఎవరికి తెలుస్తుంది అనిపించింది ఒక్క క్షణం. కానీ కడుపులో మాట దాచుకోవడం ఆమెకు చేతకాదు. మరదలు గడప దాటీ దాటకముందే పోగులేచిన గుడ్డ, మొక్క చూపించి సంగతంతా చెప్పేసింది.

మరదలు పకపకా నవ్వింది. "హమ్మయ్య, జబ్బు కాదన్నమాట! అయినా ఊరందరికీ బట్టలు కుట్టేదానివి, నావాడి బట్టలు చింపేశావు కదా వదినా!"

"చింపినదాన్ని నేనే సరిచేస్తాలే" అంది వదిన, రోషంగా. ఆ రాత్రే ఆకుపచ్చ సాటిన్‌తో మెత్తటి మొక్క కుట్టి తొట్టెలో పెట్టేసింది. అదృష్టం బాగుండి నవాబు ఇంకా జాడీలోనే ఉన్నాడు. తెల్లారేసరికి గుడ్డ రంగు దిగి తొట్టె నిండా పచ్చటి పసరు!

వదిన భర్త కాఫీ గ్లాసుతో వచ్చి తొట్టెలోకి తొంగిచూశాడు. "ఈ కషాయం నాక్కాదు కదా?"

వదినా మరదళ్ళు ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. ఆ పూటే ఇద్దరూ వెళ్ళి మెత్తటి ఆకుల నిజమైన నీటిమొక్క కొనుక్కొచ్చారు. తొట్టె కడిగి నవాబును అందులో వదిలారు.

తోక మెల్లగా పెరిగింది. కొత్తగా వచ్చిన అంచు మొదట రంగు లేకుండా గాజు కాగితంలా ఉండి, తర్వాత నీలం తిరిగింది. పాత నీలానికి మాత్రం ఒక ఛాయ తక్కువే.

వదిన కళ్ళద్దాలు సవరించుకుని పరీక్షగా చూసింది. "అదే తానులోంచి కత్తిరించలేదే నీవాడికి. అతుకు తెలిసిపోతోంది."

"వాడికి తెలియదుగా, ఊరుకో" అంది మరదలు.

నవాబు తోక పూర్తిగా విప్పి, వాళ్ళిద్దరి ముందు నుంచి దర్జాగా సాగిపోయాడు.