అత్తగారి నోరూ అల్లుడి చెక్కలూ

రోజూ మధ్యాహ్నం భోజనాలయ్యాక పెద్దావిడ కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని, ఆ ఇంట్లో ఉన్న వస్తువులన్నిటినీ ఒక్కొక్కటిగా ఈసడించుకునేది. ఆ వేళకి కొందరు కునుకు తీస్తారు, కొందరు టీవీ చూస్తారు. ఈవిడ చెప్పుల స్టాండుని చూసేది.

"ఏమే, ఇది చెప్పుల స్టాండా?" అనేది వంటింట్లో ఉన్న కూతురితో. "చెప్పులకి మాత్రం మానమర్యాదలుండవా? దీని మీద కూర్చోబెట్టే బదులు వీధిలో వదిలెయ్యి, వాటి దారిన అవి పోతాయి."

ఆ మాటతో స్టాండు పైపలక మీంచి సన్నటి పొర ఒకటి లేచి, చుట్ట చుట్టుకుని నేలమీద రాలేది. కూతురు చీపురు తెచ్చి ఊడ్చేది.

పెద్దావిడ నోటికి ఆ గుణం చిన్నప్పటి నుంచీ ఉన్నదే. చెక్కతో చేసినదాన్ని దేన్నైనా ఆవిడ ఈసడించిందంటే, వడ్రంగి చిత్రిక పట్టినట్టు దాని మీంచి ఒక పొర లేచిపోతుంది. కోపంతో తిడితే లేవదు. మాటవరసకి అన్నా లేవదు. మనస్ఫూర్తిగా ఈసడించాలి. ఆ విషయంలో ఆవిడకి ఎప్పుడూ లోటు రాలేదు. మనుషుల మీద మాత్రం అది పనిచేయదు. పనిచేసి ఉంటే ఆవిడ పెద్దకొడుకు ఈపాటికి పళ్ళు కుట్టుకునే పుల్లంత కూడా మిగిలేవాడు కాదు.

అంతకుముందు ఆవిడ ఆ పెద్దకొడుకు ఇంట్లోనే ఉండేది. ఆ ఇంట్లో సామానంతా షోరూము నుంచి వచ్చిందే. రంపపు పొట్టుని జిగురుతో ముద్ద చేసి, పైన టేకు బొమ్మ అతికించి అమ్మితే, వాడు దాన్ని టేకనే నమ్మి వచ్చినవాళ్ళందరికీ చూపించేవాడు. "పైన దొర మొహం, లోపల పిండి. అచ్చం వీడిలాగే ఉంది" అని ఒక సాయంత్రం ఆవిడ టీవీ బల్ల గురించి అంది. అలాంటి చెక్కకి పొరలెక్కడివి? బల్ల మొత్తం జలజలా రాలిపోయింది, టీవీ బోర్లా పడింది. దాంతో ఆవిడని చిన్నకొడుకు దగ్గరికి పంపించారు. అక్కడ భోజనాల బల్ల అసలైన చెక్కే, చిన్నకోడలి ప్రాణం దాని మీదే. ఒక్క వానాకాలం గడిచేసరికి అది అట్టలా పల్చబడి, మోచెయ్యి ఆనిస్తే వంగిపోవడం మొదలుపెట్టింది.

అప్పుడు పెద్దకొడుకు ఆవిడని కారులో తెచ్చి చెల్లెలింట్లో దించాడు. గుమ్మంలోనే నిలబడి తాళాలు వేలికి తిప్పుకుంటూ చెప్పాడు.

"ఇదే ఆఖరమ్మా. ఇక్కడా కుదరకపోతే ఆశ్రమంలో గది మాట్లాడి ఉంచాను. అక్కడ మంచాలన్నీ ఇనపవి. నీకూ వాళ్ళకీ ఏ ఇబ్బందీ ఉండదు."

"ఇనుమా? నీ బుర్రలో మిగిలిందేనా?" అంది పెద్దావిడ. వాడు నవ్వేసి వెళ్ళిపోయాడు. ఇనప మంచాల మాట మాత్రం ఆవిడ గొంతులో ముల్లులా ఉండిపోయింది. ఎంత తీసిపారేసినా ఉలకని పలకని మంచం మీద పడుకుని బతకడం ఎలాగో ఆవిడకి అర్థం కాలేదు.

కూతురిది రెండు గదుల అద్దె ఇల్లు. అల్లుడు నీళ్ళ మీటర్ల రీడింగు తీసే ఉద్యోగి. ఇంటింటికీ తిరుగుతాడు కాబట్టి ఎవరు ఏం పారేస్తున్నారో ఊళ్ళో అందరికంటే ముందు అతనికే తెలుస్తుంది. లారీలో సరుకు కింద పరిచే చెక్క చట్రాలు, కరెంటు తీగలు చుట్టే పెద్ద చక్రాలు, విరిగిన కిటికీ రెక్కలు, అన్నీ సైకిలుకి కట్టి తెచ్చేవాడు. బాల్కనీలో మేకులు పీకి, వంకరపోయిన వాటిని సుత్తితో సాఫు చేసి డబ్బాలో దాచేవాడు. ఆ ఇంట్లో కొన్న చెక్క సామాను ఒక్కటీ లేదు. తీగల చక్రం భోజనాల బల్లయింది. సరుకు చట్రాలు మంచమయ్యాయి. కిటికీ రెక్క బట్టల అల్మారాకి తలుపయింది, దాని గడియ మాత్రం లోపలి వైపే ఉండిపోయింది.

ఆ ఇంటికి ఒకటే బాధ, పేళ్ళు. సరుకు చట్రాల చెక్క మహా గరుకు. పాకే పిల్ల ఉన్న ఇల్లు. కూతురు రోజూ పొద్దున్నే బల్లల అంచులన్నీ అరచేత్తో తడిమి చూసుకునేది, సాయంత్రం పిల్ల మోకాళ్ళు దీపం దగ్గర పెట్టుకుని సూదితో పేళ్ళు తీసేది. చిత్రిక పట్టే మిషను కొనే స్తోమత లేదు. గరుకు కాగితం పలక సగం కాకముందే అరిగిపోయేది.

పెద్దావిడ అల్లుడితో ఏనాడూ నేరుగా మాట్లాడలేదు. అతను ఎదురుగా ఉన్నా కూతురితోనే చెప్పేది. వచ్చిన మొదటి రోజే ఇల్లంతా ఒకసారి చూసి మూతి విరిచింది.

"మీ ఆయన్ని అడగవే, ఇది బీరువానా, పిట్టల కోసం పెట్టిన బోనా?"

పొర రాలింది. అల్లుడు లేచి వెళ్ళి బీరువా పక్కని చేత్తో నిమిరాడు. పిల్ల బుగ్గలా నున్నగా ఉంది. ఇంకోసారి నిమిరి వెనక్కి తిరిగాడు.

"అత్తయ్యగారు చెప్పింది నిజమే. ఎడమ పక్క ఇంకా ఘోరంగా ఉంది. అది కూడా కాస్త చూడండి."

ఆవిడ చూసింది. అది నిజంగానే ఘోరంగా ఉంది. ఆ సంగతి ఆవిడ దాచుకోలేదు.

అక్కణ్నుంచి అదొక అలవాటైపోయింది. అతను డ్యూటీకి వెళ్తూ వెళ్తూ ఒక పలకో, స్టూలో తెచ్చి ఆవిడ కుర్చీ ఎదురుగా నిలబెట్టేవాడు. సాయంత్రం వచ్చేసరికి దాని చుట్టూ పొట్టు పోగుపడి ఉండేది. బల్లలు నున్నబడ్డాయి. మంచం కోళ్ళు మెరిశాయి. పిల్ల ఎక్కడ పాకినా కూతురు సూది వెతుక్కోవడం మానేసింది. పెద్దావిడకి ఆ ఇల్లు నచ్చలేదు గానీ, ఒంటికి పడింది. పొద్దున లేచేసరికి ఏదో ఒక అసహ్యమైన వస్తువు తన కోసం ఎదురు చూస్తూ ఉండటం ఆవిడకి కొత్త. కొడుకుల ఇళ్ళల్లో ఆవిడ నోరు తెరవబోతే చాలు, కోడళ్ళు బల్లల మీద దుప్పట్లు కప్పేసేవాళ్ళు.

ఇలా సాగుతుండగా పక్క వాటా దర్జీ ఆవిడ ఒకరోజు పిల్లని ఎత్తుకోవడానికి వచ్చింది.

"పిన్నిగారూ, నా మిషను కింద వేసుకోవడానికి చిన్న స్టూలు చేసిపెట్టమన్నాను మీ అల్లుణ్ణి. చేశాడట. 'మా అత్తయ్యగారి ముందు రెండ్రోజులు పెట్టి ఇస్తాను, పట్టు గుడ్డ కూడా చిక్కుకోనంత నున్నగా అవుతుంది' అన్నాడు. మీ నోటి చలవ పిన్నిగారూ!"

పెద్దావిడకి తల తీసేసినట్టయింది. తను ఇన్నాళ్ళూ అతన్ని కడిగిపారేస్తున్నానని అనుకుంది. అతను తనతో పని చేయించుకుంటున్నాడు. రంపం, సుత్తి, ఉలి, అత్తగారు. ఒకటే సంచి.

"ఏమే, నన్ను పనిముట్టు కింద జమకట్టాడా మీ ఆయన?" అంది కూతురితో.

"అదేంటమ్మా, నువ్వు ఎలాగూ అంటావు కదా. ఊరికే పోనియ్యడం ఎందుకని..."

"ఊరికే పోతోందా నా నోరు? సరే. ఇవాళ్టి నుంచి చూడు."

ఆ రోజు నుంచి పెద్దావిడ నోరు మూసుకుంది. ఎదురుగా పలక పెడితే కిటికీలోంచి ఆకాశం చూసేది. పలక గరుకుగా అలాగే ఉండేది. అల్లుడు పలక తీసుకెళ్ళి బాల్కనీలో గరుకు కాగితంతో తనే రుద్దుకునేవాడు. రుద్దడం కూడా రాదు, అడ్డంగా రుద్దేవాడు. అది చూస్తూ నోరు మెదపకుండా ఉండటానికి ఆవిడ పళ్ళు బిగబట్టుకోవాల్సి వచ్చేది. 'పని లేకపోతే పనిముట్టుని ఎన్నాళ్ళు ఉంచుకుంటారో చూద్దాం' అనుకునేది. అనుకున్నప్పుడల్లా ఇనప మంచాలు కళ్ళముందు వరసగా కనపడేవి.

కొన్నాళ్ళకి బాల్కనీలో పెద్ద పని ఏదో మొదలైంది. అల్లుడు తలుపు చేరవేసుకుని చేసేవాడు. సందులోంచి చూస్తే దూలాల్లాంటి చెక్కలు. ఎక్కడో పాత గోడౌను కూలగొడుతుంటే తెచ్చాడట. అంత లావు చెక్క అతను ఎప్పుడూ వాడలేదు. అర అంగుళం పలకని కూడా రెండుగా కోసి వాడే పిసినారి. పొడుగ్గా, వెడల్పుగా ఏదో కడుతున్నాడు. పెద్దావిడకి విషయం అర్థమైపోయింది. తన సామాను పంపించడానికి పెట్టె. దారిలో కూడా విరక్కూడదని అంత లావు.

పంపించేదాకా కూర్చోవడమా? ఆవిడే పెద్దకొడుక్కి ఫోను చేసింది.

"ఆదివారం వచ్చి తీసుకుపో. నీ ఇనప మంచాలు ఎలా ఏడ్చాయో చూస్తాను."

కూతురు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "నిన్ను ఎవరేమన్నారమ్మా?" అని రెండుసార్లు అడిగింది. అల్లుడు మాత్రం ఒక్క ప్రశ్నే వేశాడు.

"బావగారు ఆదివారం ఎన్నింటికి వస్తారట?"

ఆ తొందర చూసి ఆవిడ ముక్కు ఎగబీల్చింది.

ఆదివారం పొద్దున పెద్దకొడుకు వచ్చాడు. ఇస్త్రీ మడత నలక్కుండా, గోడలకి తగలకుండా నడుస్తూ లోపలికి వచ్చాడు. తీగల చక్రం బల్లని, కిటికీ రెక్క అల్మారాని చూసి జాలిగా నవ్వాడు.

"బావా, నీ మ్యూజియం బాగా పెరిగిందే!"

"రండి బావగారూ. ఒక్క నిమిషం. ఇది లోపలికి జరపాలి, ఒక చెయ్యి వెయ్యండి."

పెద్దకొడుకు చెయ్యి వెయ్యలేదు. కూతురూ అల్లుడూ కలిసి బాల్కనీలోంచి దాన్ని ఈడ్చుకొచ్చారు. కిటికీ పక్కన, పెద్దావిడ కుర్చీ ఉండే చోట పెట్టారు. కుర్చీని పక్కకి జరిపేశారు.

అది పెట్టె కాదు. మంచం. ఒక్క మనిషి పడుకునే మంచం. తల వైపు నీళ్ళ గ్లాసు పెట్టుకోవడానికి అర, కూర్చున్నప్పుడు కిటికీలోంచి వీధి కనపడేంత ఎత్తు. కానీ ఏం మంచం! ఒక్క చోట కూడా రుద్దలేదు. పేళ్ళు ముళ్ళపందిలా లేచి ఉన్నాయి. పట్టెలు ఒక్కొక్కటీ గడపంత లావు.

పెద్దకొడుకు పగలబడి నవ్వాడు. "ఇది మంచమా బావా, వంతెనా? దీని మీంచి లారీలు పోతాయి. ముసలావిడ ఒక్కత్తి పడుకోవడానికి ఇంత చెక్కా? నువ్వు పొదుపు మనిషివని అందరూ అంటారు!"

అల్లుడు మెడ వెనక గోక్కున్నాడు.

"పొదుపుకే బావగారూ. పల్చగా చేస్తే ఊరికే అయిపోతుంది. అత్తయ్యగారు రోజూ అంటారు కదా. రోజుకో పొర చొప్పున పోయినా, ఆవిడకి వందేళ్ళు వచ్చేదాకా ఆగాలి. తరుగు లెక్క చూసుకునే కట్టాను."

పిల్ల మంచం వైపు పాకబోతే కూతురు చటుక్కున ఎత్తుకుంది. 

పెద్దావిడ మంచాన్ని చూసింది. తల వైపు నుంచి కాళ్ళ వైపుకి, కాళ్ళ వైపు నుంచి తల వైపుకి చూసింది. ఎంత వెతికినా అందులో ఒక్క మంచి గుణం కనపడలేదు. పట్టె మీద చెయ్యి వేయబోయి పేడు గుచ్చుకుని వెనక్కి తీసుకుంది. చాలా రోజులుగా మూసుకున్న నోరు. తెరిచేముందు ఒకసారి గొంతు సవరించుకుంది.

"ఏమే, మీ ఆయన దీన్ని కళ్ళు తెరుచుకునే చేశాడా?"

పొడుగాటి పొర ఒకటి, ఈ చివర నుంచి ఆ చివరిదాకా, ఎక్కడా తెగకుండా లేచింది.

"మంచం అంటే మనిషి పడుకునేదని ఎవరూ చెప్పలేదా ఇతనికి? ఏనుగుని కట్టేస్తారనుకున్నాడా? ఆ అతుకు చూడు. రెండు చెక్కలూ ఒకదాని మొహం ఒకటి చూసుకోకుండా కూర్చున్నాయి, తోడికోడళ్ళలాగా. ఆ మేకు తల చూడు, లోపలికి పోవడానికి సిగ్గుపడి బయటే నిలబడిపోయింది. ఇక ఆ అర! గ్లాసు పెడితే నీళ్ళు పక్కింట్లోకి పోతాయి. ఇంత లావు చెక్క పెట్టి ఇంత వికారంగా చేయాలంటే ఎంత కష్టపడి ఉండాలే! ఊరికే రాదు ఈ అందం!"

పొట్టు గాల్లోకి లేచి, కిటికీలోంచి వస్తున్న ఎండలో తిరిగి, నేలమీద పడుతోంది. మాటమాటకీ పేళ్ళు పోయి లోపలి రంగు బయటపడుతోంది. తేనె రంగు. కూతురు ముందు అంచులు తడిమి చూసింది, తర్వాత పిల్లని కింద వదిలింది. పిల్ల పొట్టులో కూర్చుని రెండు చేతులతో ఎగజిమ్మింది. అల్లుడు గోడకి ఆనుకుని చేతులు కట్టుకుని, పాట కచేరీకి వచ్చినవాడిలా వింటున్నాడు.

"అమ్మా, ఇంక బయల్దేరదామా? ఎండెక్కుతోంది" అన్నాడు పెద్దకొడుకు. వాడి బూట్లు చీలమండల దాకా పొట్టులో మునిగిపోయాయి. చేతిలో ఆవిడ సంచి ఉంది.

పెద్దావిడ వాడి వైపు చూడలేదు. వెళ్ళి మంచం మీద కూర్చుంది. మంచం టక్కుమని ఒక పక్కకి ఒరిగింది. కాళ్ళలో ఒకటి పొట్టి.

"కొలత తప్పానా?" అన్నాడు అల్లుడు, మొహం వేలాడేసుకుని.

"మీ ఆయనకి కొలతలు కూడానా!" అంది పెద్దావిడ కూతురితో, వెనక్కి వాలి నడుం చాపుతూ. "కాలు పొట్టి అయితే అవనీ. మిగతా మూడూ పొగరెక్కి ఎత్తుగా నిలబడ్డాయి, వాటిని దించాలి. ఇవాళ్టికి నా దవడలు పట్టేశాయి. రేపు చెప్తాను వాటి సంగతి."

రేపు అన్న మాట పెద్దకొడుకూ విన్నాడు. సంచిని మంచం పక్కన దించి, బూట్లు దులుపుకుని కారు తాళాలు తీసుకున్నాడు.