ఊఁ అనేదాకా

"పడుకున్న పిల్ల పడుకున్నట్టే ఉండిపోతే ఏం చేస్తామండీ?" అంది తల్లి, కూతురు డ్యూటీ నుంచి ఇంటికైనా రాకముందే.

చొక్కా గుండీలు పెట్టుకుంటున్న తండ్రి తల ఎత్తలేదు. "ముందు రానియ్యవే. వచ్చి పడుకోనియ్యి. ఆ తర్వాత తీరిగ్గా భయపడుదువుగాని."

ఆయనకేం, ఎన్ని కబుర్లైనా చెప్తాడు. ఈవిడ తల్లి ఓ మధ్యాహ్నం "కాస్త నడుం వాలుస్తానే" అని పడుకుని మరి లేవలేదు. ఈవిడ పక్క గదిలోనే ఉంది. పడుకుంది కదా, పోనీలే అని పిలవలేదు. అప్పట్నుంచీ ఇంట్లో ఎవరు కళ్లు మూసినా ఈవిడ ప్రాణం గుప్పిట్లో ఉంటుంది.

కూతురు పనిచేసేది పెద్దాసుపత్రి లాండ్రీలో. ఉతికిన దుప్పట్లని ఇస్త్రీ కోసం వేడి రోలర్ల మధ్యకి అందించడం రాత్రంతా దాని పని. పొద్దున్నే వచ్చి, కిటికీకి పాత దుప్పటొకటి కట్టుకుని పడుకుంటుంది. తల్లి తలుపు ఓరగా తీసి, "అమ్మడూ!" అంటుంది. "ఊఁ" అంటుంది కూతురు. హమ్మయ్య! పొయ్యిమీది గిన్నె దించేలోపు గుండెలో మళ్లీ దడ. "అమ్మడూ!" "ఊఁ." బట్టలు ఆరేసొచ్చి మళ్లీ.

"మీ అమ్మ హాజరు తీసుకుంటోందే," అని తండ్రి వేళాకోళం. "పలక్కపోయావో, పేరు కొట్టేస్తుంది."

కూతురు ఎప్పుడూ విసుక్కోలేదు. అమ్మమ్మ సంగతి దానికీ తెలుసు మరి.

ఆ పొద్దున మాత్రం చేతికి తడిగుడ్డ చుట్టుకుని వచ్చింది. రోలర్ల దగ్గర నిలబడే కునికిందట. దుప్పటితోపాటు వేళ్లూ లోపలికి పోబోతుంటే పక్కనున్నామె మిషన్ ఆపేసింది. వేళ్ల కొసలు కాలాయి. పనిలోంచి తీసేస్తారేమోనని ఎవరికీ చూపించకుండా వచ్చేసింది.

తల్లి చెప్పులైనా వేసుకోలేదు. దారిపొడుగునా ఆ మిషన్‌ని తిట్టిపోస్తూ కూతుర్ని వీధి చివర క్లినిక్‌కి లాక్కుపోయింది.

"నిద్ర సరిగ్గా పోతున్నావా?" అంది నర్సు, జరిగిందంతా విని కట్టు కడుతూ.

కూతురు నోరు తెరిచేలోపే తల్లి అందుకుంది. "ఎందుకు పోదమ్మా! పొద్దున వాలితే సాయంత్రందాకా పడకే. నేను పిలిచినప్పుడల్లా చక్కగా పలుకుతుంది కూడా."

నర్సు చెయ్యి ఆగింది. "పిలుస్తారా?"

"పిలవకపోతే ఉందో లేదో ఎలా తెలుస్తుందమ్మా?"

నర్సు నవ్వలేదు. "పిన్నిగారూ, కళ్లు మూసుకుని పడుండటమే నిద్ర కాదండీ. ముందు పైపైన పడుతుంది, తర్వాత గాఢంగా. ఒళ్లు ఎక్కువగా బాగుపడేది అప్పుడే. ఆ తర్వాత కలల నిద్ర. మనసుకి అది కావాలి. ఇలా చుట్లు చుట్లుగా సాగాలి. మాటిమాటికీ లేపితే మళ్లీ పైపై నిద్ర దగ్గరికే వస్తుంది. ఏళ్ల తరబడి ఇలాగే అయితే కునికిపాట్లతో పోదు, బీపీ, షుగరు కూడా రావచ్చు."

"మా లాండ్రీలో ఉతికే మిషన్లాగే అమ్మా," అంది కూతురు మెల్లగా. "మధ్యమధ్యలో ఆపి మొదట్నుంచీ తిప్పితే రోజంతా తిరుగుతూనే ఉంటుంది, మురికి మాత్రం పోదు. నాకు కలలొచ్చి ఎన్నాళ్లయిందో."

తల్లి ఆ కట్టుకేసి చూసింది. ఇందాకటిదాకా మిషన్‌ని తిట్టింది. ఇప్పుడెవర్ని తిట్టాలి?

"భయమేస్తే తలుపు తీసి చూడండి, ఊపిరి తెలుస్తుంది," అంది నర్సు. "పిలవకండి. చెయ్యి మానేదాకా పనికీ పంపకండి. ఆ తర్వాత కూడా నిద్ర లేకుండా ఆ మిషన్ దగ్గర నిలబడితే, ఈసారి కొసలతో పోదు."

ఇంటికొచ్చి కూతురు పడుకుంది. తల్లి గది బయట స్టూలు వేసుకుంది. కారుతున్న కుళాయి కింద గుడ్డ పెట్టింది. తలుపు కొట్టబోయిన పక్కింటావిడని చేత్తోనే వెనక్కి పంపింది. పనినుంచి వచ్చిన తండ్రి చేతిలో గిన్నె జారి చప్పుడైతే, ఆవిడ చూసిన చూపుకి ఆయన గిన్నెకన్నా ముందు నిశ్శబ్దమైపోయాడు.

తలుపు తీసి చూసింది. కిటికీకి దుప్పటి, లోపలంతా చీకటి. ఊపిరి ఆడుతోందో, తన కళ్లే ఆడుతున్నాయో తెలీలేదు. "అమ్మడూ" అన్న మాట గొంతుదాకా వచ్చింది. అరచేత్తో నోరు మూసుకుని వెనక్కొచ్చి కూర్చుంది.

"ఆవాళా ఇలాగే పిలవలేదండీ," అంది గుసగుసగా.

తండ్రి ఈసారి జోకెయ్యలేదు. నేలమీద పక్కనే కూర్చున్నాడు.

వీధి దీపాలు వెలిగాయి. ఎన్నడూ లేంది, ఇంత పొద్దుపోయినా అలికిడి లేదు. ఇక ఆగలేకపోయింది. తలుపు సందులోంచి, తనకే వినపడనంత మెల్లగా, "అమ్మడూ..." అంది.

ఉలుకూ లేదు, పలుకూ లేదు.

తండ్రి లేచి నిలబడ్డాడు. తల్లి తలుపు పట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకుంది. కుళాయి కింద గుడ్డమీద నీటిచుక్క పడిన చప్పుడు కూడా వినిపించింది. మళ్లీ ఇంకోటి.

లోపల మంచం కిర్రుమంది.

"అబ్బా, కాసేపాగమ్మా!" అంది కూతురు, నిద్రమత్తు గొంతుతో, మొట్టమొదటిసారి విసుక్కుంటూ. "కల సగంలో ఉంది."