కంబన్న కట్టిన పందిరి

బేతంచెర్ల దగ్గరి గుట్ట మీద పది గాలిమరలు నిలబెట్టి రెండేళ్ళయింది. ప్రదీప్‌కుమార్ అక్కడ చిన్న ఇంజనీరు. కల్లూరులో కిరాణా అంగడి నడిపే వాళ్ళ అబ్బాయి. మర్నాటి గాలికి ఎన్ని మెగావాట్ల కరెంటు వస్తుందో రోజూ సాయంత్రం అయిదు లోపల సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి చెప్పాలి. ఆ లెక్క చూసుకుని పైవాళ్ళు బొగ్గు కరెంటు తగ్గించుకుంటారు.

గాలి అతని మాట వినేది కాదు. వస్తుందన్న రోజు రాలేదు, ఊళ్ళకు కరెంటు పోయింది. రాదన్న రోజు విరగబడి వచ్చింది, మరలు ఆపేయమన్నారు. మూడోసారి తప్పితే గుట్ట దిగిపొమ్మని పెద్ద ఆఫీసరు తేల్చేశాడు.

దారి చూపింది రాహేలమ్మ. కింద నాపరాయి గనిలో కూలి, పొద్దున్నే గుట్ట మీదికి నీళ్ళబిందె తెచ్చేది. గనిలో బండలు కొట్టేవాళ్ళు కళ్ళలో దుమ్ము పడకుండా ఈతాకు తడికలు అడ్డం పెట్టుకుంటారు. నాలుగింటికి పని దిగేటప్పుడే, మర్నాటి గాలిని బట్టి వాటిని తిప్పి, పడిపోకుండా అడుగున రాళ్ళు పెట్టిపోతారు. మెత్తటి గాలికి ఒక రాయి, గట్టి గాలికి నాలుగు. ఎన్ని రాళ్ళో చెప్పేది గనిలోని ముసలి కంబన్న. ఆమె ఈ సంగతి చెప్పినప్పటి నుంచి ప్రదీప్ గుట్ట మీద నుంచి దుర్భిణితో ఆ రాళ్ళు చూసి లెక్క చెప్పేవాడు. ఇరవై రోజులు ఒక్కటీ తప్పలేదు.

ఇరవై ఒకటో రోజు గనిలో ఒక్క తడికా లేదు. రేపు గాలే లేదు కాబోలు అనుకుని, సున్నా రాసుకోమని సబ్‌స్టేషన్‌లో ఉండే సుందరానికి చెప్పేశాడు.

కాసేపటికి రాహేలమ్మ శుభలేఖ పట్టుకుని వచ్చింది. రేపు కూతురు రెజీనా పెళ్ళి, తప్పకుండా రావాలంది. మాటల మధ్యలో తడికలేమైనాయని అడిగాడు.

"యాడికి పోతాయి సారూ? పెళ్ళి పందిరికి మోసుకపోయినాం. చర్చి ముందర కంబన్న కడ్తాండాడు."

అప్పటికి నాలుగున్నర. ప్రదీప్ చెప్పులు కూడా మరచి గుట్ట దిగాడు. కంబన్న పందిరి గుంజలకు మోకులు బిగిస్తున్నాడు. ఒక్కో గుంజకు రెండు, పడమటి పక్క మూడు.

"రేపు గాలి ఉండాదా పెద్దాయనా?"

"శానా ఉండాది. లేకుంటే ఇన్ని మోకులతో నాకేం పని? ఈ కొస పట్టుకో."

ఒక చేత్తో మోకు, ఒక చేత్తో ఫోను. అయిదుకు ఇంకా అయిదు నిమిషాలుంది. సున్నా కాదు, నాలుగు రాళ్ళ లెక్కన ఎనిమిది మెగావాట్లు అని సుందరానికి చెప్పాడు.

"ఏమప్పా, అర్ధగంటలో సున్నా ఎనిమిదైందా?" అన్నాడు సుందరం. "మీ అంగట్లో గాలి గూడా అమ్ముతారా?"

"నువ్వు రాసుకో సుందరన్నా."

మర్నాడు తొమ్మిదింటికి గాలి లేచింది. పెళ్ళికూతురి ముసుగు పట్టుకోవడానికి ఇద్దరు కావలసి వచ్చింది. పాస్టరుగారు బైబిలు పేజీల మీద అరచెయ్యి తీయకుండానే ప్రార్థన చేశారు. పందిరి మాత్రం కదల్లేదు. గుట్ట మీద పది మరలూ తిరిగాయి.

మాంసం తినడని ప్రదీప్‌కు పప్పన్నం వేరుగా పెట్టారు. విస్తరి లేచిపోకుండా ఎడమచేత్తో అదిమి తింటుంటే ఫోను మోగింది. ఏడున్నర వచ్చిందట, ఇక అతన్ని గుట్ట దించేది లేదని పెద్దసారు అన్నాడట. మరి రేపటికి ఎంత అని సుందరం అడిగాడు.

ప్రదీప్ పక్క విస్తరి ముందున్న కంబన్న వైపు చూశాడు.

"ముందు తిననీ సారూ," అన్నాడు కంబన్న.

ఇద్దరూ మారు అన్నం పెట్టించుకున్నారు.