తువ్వాలు చుట్టిన గాజులు

స్రవంతికి మూడో నెల పడ్డప్పటి నుంచి ఆ ఇంట్లో తాలింపు బయటికి పోయింది. ఆవాలు చిటపటమంటే చాలు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని బాత్‌రూమ్‌కి పరుగెత్తేది. అందుకని ఫణి ఒక కరెంటు పొయ్యి కొని అపార్ట్‌మెంట్ బాల్కనీలో పెట్టాడు. టెక్సాస్ ఎండలో నెత్తికి తువ్వాలు చుట్టుకుని అక్కడే తాలింపు పెట్టి, వాసన పోయేదాకా గిన్నె బయటే ఉంచి, తర్వాత లోపలికి తెచ్చేవాడు. కింద కార్లు పెట్టుకునే తెలుగు మగాళ్ళు తలెత్తి, "ఏం ఫణీ, ఇవాళ ఏం కూర?" అని నవ్వేవాళ్ళు.

"గోంగూర. మీ ఇంటికి కూడా పంపించనా?" అని ఇతనూ నవ్వేవాడు. లోపలికొచ్చేసరికి ఆ నవ్వు ఉండేది కాదు.

తెనాలిలో ఫణి జూనియర్ కాలేజీ ఫిజిక్స్ లెక్చరరు. ఇక్కడ హెచ్‌ఫోర్. అంటే హెచ్‌వన్ వీసా మీద ఉద్యోగానికొచ్చిన భార్య వెనక వచ్చిన మనిషి. ఉండొచ్చు, తినొచ్చు, పని మాత్రం చెయ్యకూడదు. పెట్రోలు బంకులో ఒక పూట నిలబడినా తప్పే. ఈ శిక్ష ఆడవాళ్ళకి పడితే ఎవరికీ వింత కాదు. వేలమంది ఆడవాళ్ళు ఎమ్‌టెక్‌లు చదివి ఇక్కడ వంటగదుల్లో కూర్చున్నారు, ఒక్కడూ నవ్వలేదు. మగాడికి పడేసరికి అపార్ట్‌మెంట్లన్నిటికీ కాలక్షేపం దొరికింది.

కాబట్టి ఇల్లంతా స్రవంతి ఉద్యోగం మీదే నిలబడింది. అది 2009. మాంద్యం ముదిరిన ఏడు. ఆమెకి నాలుగో నెల నడుస్తుండగా ప్రాజెక్టు పోయింది. ఆమెను అమెరికా తెచ్చి, వేరే కంపెనీల పనికి పంపి మధ్యలో వాటా తీసుకునే కన్సల్టెన్సీ మాత్రం ఉంది, దాని ఓనరు దామోదర్ ఉన్నాడు. ప్రాజెక్టు లేని మనిషిని బెంచి మీద ఉందంటారు. బెంచి మీద కూర్చోబెట్టినా జీతం ఇవ్వాలని ఈ దేశంలో చట్టం ఉంది. ఆ చట్టం ఇంగ్లీషులో ఉంది. దామోదర్ తెలుగువాడు, అందరికీ అన్నయ్య. జీతం మాట ఎత్తితే, మనలో మనకి చట్టాలేంటమ్మా అనేవాడు.

జీతం లేకపోతే దాచుకున్నదాంతో పప్పు తిని బతుకుతారు. ఇన్సూరెన్స్ లేకుండా మాత్రం ఇక్కడ బిడ్డను కనడం అయ్యే పని కాదు. కాన్పు కాస్త అడ్డం తిరిగిందంటే ఆసుపత్రి బిల్లు ఆ బిడ్డ పెళ్ళిదాకా వెంటబడుతుంది. స్రవంతి ఇన్సూరెన్స్ దామోదర్ కంపెనీది. అతను ఒక్క ఈమెయిల్ పెడితే పోతుంది. ఆమె బెంగంతా అదే. దానికి ఒకటే మందు, కడుపు పైకి కనపడేలోగా కొత్త ప్రాజెక్టులో దూరిపోవడం.

ఐదో నెలలో ప్లేనోలో ఒక బ్యాంకుకి ఇంటర్వ్యూకి వెళ్ళింది. వదులు కోటు వేసుకుంది. మేనేజరు కాథీ అని ఒక తెల్లజుట్టు మనిషి. డేటాబేస్ గురించి మాట్లాడుతూ మాట్లాడుతూ ఇద్దరూ లేచి బోర్డు దగ్గరికి వెళ్ళారు, బోర్డు నిండిపోయింది. వచ్చేటప్పుడు కాథీ కిటికీ పక్కనున్న కుర్చీ చూపించి, అక్కడ వెలుతురు బాగుంటుందని చెప్పింది. ఉద్యోగం ఇచ్చేసినట్టే.

ఆ సంతోషంలో స్రవంతి ఒక తెలివితక్కువ పని చేసింది. ఇండియన్ స్టోర్‌లో పచ్చి మామిడికాయలు ఏరుకుంటుంటే దామోదర్ భార్య రాధారాణి కనపడింది.

"ఏమ్మాయ్, పుల్లటివే వెతుకుతున్నావే," అంది కళ్ళు చిన్నవి చేసి.

స్రవంతికి తల్లి లేదు. ఆ మాట అలా అడిగిన ఆడమనిషి ఈ దేశంలో ఇంకెవరూ లేరు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, చెప్పేసింది. ఓనరు భార్యకి చెబుతున్నాననుకోలేదు. వదినకి చెబుతున్నాననుకుంది. మనవాళ్ళు జీతగాళ్ళకీ యజమానులకీ మధ్య ఈ అన్నావదినల వరసలు ఎందుకు కలుపుతారో ఆమెకి ఇంకా తెలీదు.

వారం తిరిగేసరికి దామోదర్ ఫోన్ చేసి, ఆ బ్యాంకువాళ్ళు వేరే ఎవర్నో తీసుకున్నారని చెప్పాడు. నీ టైము బాలేదమ్మా అని జాలి కూడా పడ్డాడు.

ఏడో నెలలో రాధారాణి కాపెల్‌లోని వాళ్ళింట్లో స్రవంతికి సీమంతం చేసింది. తల్లి లేని పిల్ల, మనం కాకపోతే ఎవరు చేస్తారని ఊళ్ళో అందరికీ ఫోన్లు చేసి పిలిచింది. గంధం పూసింది, చలిమిడి పెట్టింది, రెండు చేతులకీ ముంజేతుల దాకా ఎర్రవీ పచ్చవీ మట్టిగాజులు తొడిగింది. కాన్పయ్యేదాకా ఇవి తియ్యకూడదు, బిడ్డ ఈ చప్పుడు వింటూ పెరగాలి అంది. స్రవంతి ఆమె కాళ్ళకి దణ్ణం పెట్టింది. ఆ ఫోటో కంపెనీ వెబ్‌సైట్‌లోకి ఎక్కింది. మా కంపెనీ ఒక కుటుంబం అని కింద రాసుంది.

తర్వాతి వారం దామోదర్ ఆఫీస్‌కి రమ్మన్నాడు. ఫణి డ్రైవ్ చేసుకుంటూ తీసుకెళ్ళాడు, దారిలో తినడానికి పెరుగన్నం డబ్బా, చేతులు తుడుచుకోవడానికి తువ్వాలు పట్టుకొచ్చాడు. లోపల హంసిక కూర్చుని ఉంది. నిజామాబాద్ పిల్ల, చదువు పూర్తయి కొత్తగా ఈ కంపెనీలో చేరింది. ఆ పిల్ల చదువుకీ దామోదర్ ఆమె రెజ్యూమెలో రాసిన అనుభవానికీ ఎక్కడా పొంతన లేదు.

విషయం దామోదర్ నెమ్మదిగా చెప్పాడు. ఒక క్లయింటు ఫోనులో ఇంటర్వ్యూ చేస్తున్నాడు. హంసిక తనంతట తాను అందులో గట్టెక్కలేదు. ఆ పేరు మీద స్రవంతి మాట్లాడాలి. ఇలాంటివి ఆ ఊళ్ళో కొత్తేం కాదు, ఒకడి గొంతు ఇంకొకడికి ఉద్యోగం తెచ్చిపెడుతూనే ఉంటుంది. స్రవంతి మాత్రం ఎన్నడూ చెయ్యలేదు.

"నా పేరు మీద నేనే మాట్లాడతాను కదన్నయ్యా," అంది.

"నీ కడుపు చూసి ఎవడు తీసుకుంటాడమ్మా? గొంతుకైతే కడుపు లేదు." దామోదర్ నవ్వాడు. తర్వాత నవ్వకుండా చెప్పాడు. "పనిలేని మనిషికి ఇన్సూరెన్స్ ఎందుకు కడుతున్నావని అకౌంట్స్ వాళ్ళు నా ప్రాణం తీస్తున్నారు. నువ్వు కంపెనీకి ఇంత సాయం చేశావంటే, కాన్పయ్యేదాకా నేను చూసుకుంటా."

ఫణి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. స్రవంతి అతని వైపు చూడలేదు. ఫోను ముందుకి లాక్కుంది. గాజులు గలగలమన్నాయి.

"అవి తీసెయ్యమ్మా. స్పీకర్‌లో గోలగోలగా వినపడతాయి."

"వదిన తియ్యొద్దన్నారు."

"వదినకి నేను చెబుతాలే."

తియ్యబోయింది. చేతులు నీరు పట్టి ఉబ్బి ఉన్నాయి, గాజులు కదల్లేదు. దామోదర్ గడియారం చూసుకుంటున్నాడు. ఫణి వచ్చి, కింద కూర్చుని, తువ్వాలు రెండు ముక్కలుగా చింపి, ఆమె రెండు ముంజేతులకీ గాజుల మీదుగా బిగించి చుట్టాడు. దెబ్బలకి కట్టు కట్టినట్టు కట్టాడు.

ఫోను కలిసింది. అవతల గొంతు వినగానే స్రవంతి పోల్చుకుంది. కాథీ. తనని గుర్తుపడుతుందేమోనని భయపడింది. ఆ భయం అక్కర్లేకపోయింది, వాళ్ళకి మన గొంతులన్నీ ఒకటే. పేరు అడిగితే హంసిక అని చెప్పింది. కాథీ మర్యాదగా ఆ కబురూ ఈ కబురూ చెప్పింది. మీ కంపెనీ ఇంతకుముందు ఒకమ్మాయిని పంపింది, చాలా నచ్చింది, ఆమె కోసమే కుర్చీ అట్టేపెట్టాను, ఇంట్లో ఏదో అవసరమొచ్చి ఇండియా వెళ్ళిపోయిందని మీ ఓనరు చెప్పారు, పాపం బాగుండాలి అంది.

స్రవంతి తలెత్తి దామోదర్‌ని చూసింది. అతను సీలింగు చూస్తున్నాడు.

ఒక్క మాట చాలు. నేనే ఆ అమ్మాయిని, ఎక్కడికీ వెళ్ళలేదు అంటే చాలు. అంటే కాథీ ఫోను పెట్టేస్తుంది, ఇలా మోసం చేసే కంపెనీ మనుషులెవర్నీ మళ్ళీ గుమ్మం ఎక్కనివ్వదు. సాయంత్రానికి దామోదర్ ఈమెయిల్ పెడతాడు. బిడ్డకింకా రెండు నెలలుంది.

"ఆవిడకి మంచే జరగాలి," అంది స్రవంతి ఇంగ్లీషులో, ఆ ఆవిడ ఎవరో అన్నట్టు. తర్వాత కాథీ అడిగిన ప్రతిదానికీ జవాబు చెప్పింది. బోర్డు లేకుండా, చేతులు ఒళ్ళో కట్టేసినట్టు పెట్టుకుని, మొదటిసారికంటే బాగా చెప్పింది.

ఉద్యోగం హంసికకి వచ్చింది.

తిరిగొచ్చేటప్పుడు కారులో ఫణికి సంగతంతా చెప్పింది. అతను కారు పక్కకి ఆపేశాడు.

"వెనక్కి తిప్పుతా. వాడి మొహం మీదే అడుగుతా."

"అడిగి?"

ఉద్యోగం లేని మగాడి కోపానికి ఎవరు భయపడతారు. ఫణి కారు మళ్ళీ ఇంటివైపే పోనిచ్చాడు.

హంసిక చెడ్డ పిల్ల కాదు. పెద్ద డబ్బా నిండా స్వీట్లు తెచ్చి, నీ రుణం ఉంచుకోనక్కా అని ఏడ్చింది. చేరిన మర్నాడే బ్యాంకు మెట్ల కిందనుంచి గుసగుసగా ఫోన్ చేసింది. "అక్కా, స్క్రీన్ మీద గిదేదో ఎర్రగా వస్తుంది. ఏం చేయాల్నో సమజైతలేదు." స్రవంతి చెప్పింది. మర్నాడూ చెప్పింది. ఎందుకు చెబుతున్నావని ఫణి అడిగితే, ఆ పిల్లని తీసేస్తే దామోదర్ మనకిచ్చిన మాట కూడా పోతుంది కదా అంది. అలా ఎనిమిదో నెలకల్లా ఆ ఉద్యోగమంతా స్రవంతి చేతికే వచ్చింది. పొద్దున బాల్కనీలో పొయ్యి పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేది. హంసిక చదివి వినిపించేది, ఈమె కళ్ళు మూసుకుని విని దిద్దేది. మధ్యలో నడుము నొప్పి వస్తే ఫోను మ్యూట్ చేసి రెయిలింగు పట్టుకుని నిలబడేది. తాలింపు మళ్ళీ ఇంట్లోకి వచ్చింది. ఇప్పుడు వాసన పడకపోవడానికి ఆమెకి తీరిక లేదు.

ఒకరోజు హంసిక సంతోషం పట్టలేక చెప్పింది. "కాథీ నన్ను మస్తు మెచ్చుకున్నదక్కా. కిటికీ పక్క సీటిచ్చింది."

"వెలుతురు బాగుంటుందా?" అని అడిగింది స్రవంతి.

"మస్తుంటది."

దామోదర్ మాట తప్పలేదు. హంసిక పని మీద వచ్చే సొమ్ము నెలనెలా అతనికి ముడుతోంది, తప్పడానికి కారణమేముంది? నొప్పులు మొదలై ఆసుపత్రికి వెళితే, డెస్క్ దగ్గరి మనిషి ఇన్సూరెన్స్ కార్డు చూసి తలూపి లోపలికి పంపింది. ఆ తలూపు కోసం ఆ మొగుడూపెళ్ళాలు ఇన్నాళ్ళు చేసిన పని ఆమెకేం తెలుసు?

నర్సు సెలైన్ పెట్టాలి, గాజులు తియ్యమంది. కాన్పయ్యేదాకా తియ్యకూడదన్న సంగతి స్రవంతి ఆమెకి చెప్పలేదు. నర్సు ఏదో జారుడు క్రీము రాసి ఒక్కొక్కటీ లాగింది. రెండు మూడు పగిలి మంచం మీద పడ్డాయి. ఫణి ఆ ముక్కలతో సహా అన్నీ ఏరి తువ్వాలు ముక్కలో వేసుకున్నాడు. ఆ చిరిగిన తువ్వాలే, ఉతికి ఆసుపత్రి సంచిలో పెట్టుకొచ్చాడు.

నొప్పికీ నొప్పికీ మధ్య స్రవంతి ఊపిరి పీల్చుకుంటుంటే ఫోను మోగింది. ఆమె అలవాటుగా చెయ్యి చాపింది. ఫణి ఇవ్వలేదు. తనే ఎత్తాడు.

"అన్నా, అక్కకియ్యవా? గిక్కడ అంతా ఆగిపోయింది. కాథీ నా ఎనకనే నిలబడ్డది."

"అక్క లేదమ్మా," అన్నాడు ఫణి. "ఇండియా వెళ్ళింది."

అవతల ఏదో అంటుండగానే పెట్టేశాడు. స్రవంతి అతని వైపు చూసింది. ఆమె ఏమన్నా అనేలోగా మళ్ళీ నొప్పి వచ్చింది, మంచం పక్క కమ్మీ పట్టుకుంది. ఫోను మళ్ళీ మోగింది. ఈసారి దామోదర్. ఫణి మోగకుండా దాని గొంతు నొక్కి, తువ్వాలులో గాజుల మీద పడేసి మూటకట్టి, భార్య వీపు రుద్దడానికి వెళ్ళాడు. కుర్చీలో మూట వణుకుతూనే ఉంది. లోపల గాజులు సన్నగా గలగలమంటూనే ఉన్నాయి.