మెడలో బిళ్ళ

మా బడి కరస్పాండెంటు శివప్రసాద్ గారికి తెలుగంటే అంత మంట ఎందుకో ఆ దేవుడికే తెలియాలి. బడి ఉన్నది కొత్తపేటలో. పిల్లలంతా చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళే, ఇంటి దగ్గర మాట్లాడేది తెలుగే. అయినా గేటు దాటి లోపలికొస్తే ఇంగ్లీషే మాట్లాడాలని ఆయన రూలు. పొరపాటున తెలుగు మాట వచ్చిందా, మెడలో చెక్కబిళ్ళ పడుతుంది. ఇంకొకరిని పట్టిచ్చేదాకా అది దిగదు.

నేను రెండో తరగతి టీచర్ని. ఎడమ పేజీలో తెలుగు, కుడి పేజీలో ఇంగ్లీషు ఉండే సర్కారు పుస్తకాలు తెలిసినవాళ్ళ దగ్గర అడిగి తెచ్చి, రెండూ చూపిస్తూ పాఠం మొదలుపెట్టాను. పిల్లల ముఖాలు వెలిగిపోయాయి. అరగంటైనా కాలేదు, ఆయనొచ్చి పుస్తకాలన్నీ పట్టుకెళ్ళి స్టోరు గదిలో పడేశారు.

"గాయత్రి గారూ, ఈ ముచ్చట్లన్నీ ఇంటి దగ్గర పెట్టుకోండి" అన్నారు. ఒళ్ళు మండిపోయింది గానీ నోరు మూసుకున్నాను.

భోజనాలయ్యాక హాజరు వేస్తుంటే ఆకాష్ లేడు.

బడి వెనకే కాలువ. రేవు మెట్టు మీద వాడి టిఫిన్ డబ్బా ఒక్కటే కనిపించింది. "ఒరేయ్ ఆకాషూ!" అని గొంతు చించుకుని అరిచాను. కాలువ నిండుగా, ఎర్రగా పోతోంది. వాడి తల్లి మస్కట్‌లో పనిచేస్తోంది. ఫోన్ చేసినప్పుడల్లా "బాబు జాగ్రత్తండీ మేడం గారూ" అంటుంది. అయ్యో, ఆవిడకి నేనేం చెప్పను? దారినపోయే ఇద్దరు లుంగీలు ఎగ్గట్టి నీళ్ళలోకి దిగారు.

నా అరుపులు విని వచ్చిన శివప్రసాద్ గారు క్లాసులోకి పరుగెత్తారు. ఆయన వెనకే నేనూ. "హూ సా ఆకాష్? టెల్ మీ!" అని అరిచారు. వాడి పక్కన కూర్చునే జాస్మిన్ నోరు తెరిచి, ఆయన్ని చూసి మళ్ళీ మూసేసింది. కళ్ళనిండా నీళ్ళు.

నాకు తిక్క రేగింది. "మీరు కాస్త పక్కకి తప్పుకోండి సార్!" అని జాస్మిన్ ముందు కూలబడ్డాను. "చెప్పమ్మా. తెలుగులోనే చెప్పు. ఆ బిళ్ళేదో నా మెడలో వేసుకుంటాను."

"డబ్బా రేవులో వదిలేసి, పుస్తకం చూస్తానని స్టోరు గదిలోకెళ్ళేడండి. సార్ గారొచ్చి లోపల చూడకుండా తాళం వేసేసేరండి."

ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఆయన చేతిలోని తాళంచెవి లాక్కుని, పరుగెత్తి నేనే ఆ తలుపు తీశాను.

ఆకాష్ పాత బెంచీల వెనక ముడుచుకుని కూర్చున్నాడు. చొక్కా చెమటతో, నిక్కరు ఉచ్చతో తడిసిపోయాయి. ఆ గది కిటికీ అవతలే కాలువ. మేం పిలిచిన ప్రతి పిలుపూ వాడికి వినబడే ఉంటుంది.

వాణ్ణి ఒళ్ళోకి లాక్కున్నాను. "అంతలా పిలుస్తుంటే పలకలేదేంరా నాన్నా?"

వాడు నా చెవిలో గుసగుసగా అన్నాడు. "తలుపు తియ్యండని ఇంగ్లీషులో ఎలా అనాలో తెలీలేదండి."

శివప్రసాద్ గారు వాడి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నారు. పిల్లలతో ఆయన తెలుగులో మాట్లాడటం నేను వినడం అదే మొదలు. "భయమేసిందా బాబూ?" అని అడిగారు.

ఆకాష్ నా కొంగు గట్టిగా పట్టుకుని, తెలుగులో చెప్పొచ్చా అన్నట్టు నా ముఖంలోకి చూశాడు.