జీవానందం పట్టిన ఎండ

జీవానందం థర్మాకోల్ అట్టను ఛాతీ ఎత్తున, ఎండకు వాలుగా పట్టుకుని నిలబడ్డాడు. దాని మీద పడిన ఎండ అరుగు మీద కూర్చున్న నాగలక్ష్మమ్మ ముఖానికి తగలాలి. ఆమె కొడుకు మాధవ, కెమెరా వెనక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, "రవ్వంత పైకెత్తప్పా" అన్నాడు.

కుడతిని రోడ్డు పక్కనున్న ఆ ఇంటి ముందే మాధవ నాలుగు సినిమాలు తీశాడు. తల్లే నటి, జీవానందమే లైటు. బళ్ళారిలో ఒక్క హాలూ వాటిని ఆడించలేదు గానీ, ఢిల్లీలోనూ కలకత్తాలోనూ శాలువాలు కప్పారు. మొదటిది తీసిన ఏడాదే ఆ రోడ్డు మీద ఇనుప ఖనిజం లారీలు మొదలయ్యాయి. అట్ట మీద దుమ్ము పేరుకుని, ముసలామె ముఖం మీద వెలుగు ఎర్రగా పడింది. అదేం ఫిల్టరని పెద్దపెద్దవాళ్ళు అడిగారు. "మా జీవానందం అట్ట తుడవడు" అని మాధవ వేదిక మీద చెబితే అందరూ నవ్వారట. పేపర్లో అది చదివి జీవానందం సిగ్గుతో చచ్చిపోయాడు. ఫ్యాక్టరీలో రోజూ జీన్స్ ప్యాంట్లు ఉతికే మనిషికి ఎంత అప్రతిష్ఠ!

షూటింగంటే ఫ్యాక్టరీకి నాగా పెట్టాల్సిందే. పొద్దున బయల్దేరుతుంటే భార్య కృపమణి ఊరుకోలేదు.

"ఆయప్ప ఫోటో పేపర్లో పడె. నువ్వు యాడ పడితివి?"

"నేను పట్టిన ఎండ పడె కదా."

మాధవ ఊపిరితిత్తుల మీద డాక్టర్లు ఆశ వదిలేశారు. అయిదో సినిమాలో మిగిలింది ఈ ఒక్క షాటే. అది తీయడానికే ఆసుపత్రిలో పోట్లాడి ఇంటికొచ్చాడు. ఆఖరిదైనా శుభ్రంగా ఉండాలని జీవానందం తెల్లవారుతూనే అట్టను సబ్బునీళ్ళతో తోమేశాడు. ఉతికే చెయ్యి కదా!

"ఏందప్పా, తెల్లగ కొడతాండాది? తుడిస్తివా?" అన్నాడు మాధవ.

జీవానందం అట్ట దించబోయాడు. "తప్పాయె మాధవప్పా. ఇంత మన్ను రాసుకొని వస్తా."

మాధవ కెమెరాలోంచి చాలాసేపు చూశాడు.

"వద్దులే. లారీలు రాకముందు మా అమ్మ మొగం ఇట్లే ఉండె. అమ్మా, రోడ్డు దిక్కు చూడు. నేను చాలు అనేదాకా కదలొద్దు."

జీవానందం అట్టను మళ్ళీ ఎత్తాడు.

మాధవ కట్ అనడు, చాలు అంటాడు. ఆ మాట ఎంతకీ రాలేదు. చేతులు లాగుతున్నా, పొద్దు జరిగే కొద్దీ జీవానందం కూడా జరుగుతూ నిలబడ్డాడు.

"జీవానందం, వాడు చాలు అనెనా?" నాగలక్ష్మమ్మ పెదవి కదిలీ కదలకుండా అడిగింది.

"ఇంకా అనలేదమ్మా."

లారీ ఒకటి పోయింది. దుమ్ము లేచి ముగ్గురినీ కప్పేసింది. దుమ్ము సోకితే మెలికలు తిరిగి దగ్గే మాధవ, కెమెరాకు కన్ను ఆనించి అలాగే ఉన్నాడు. దగ్గలేదు.

జీవానందానికి అర్థమైంది. చేతులు మాత్రం దించలేదు. దించితే ఆ తల్లి ఇటు తిరుగుతుంది. కాసేపు ఆమె ముఖం మీద ఎండను అలాగే ఉండనిచ్చాడు. కెమెరా తిరుగుతూనే ఉంది. చివరికి తనే అన్నాడు.

"చాలమ్మా."

సాయంత్రానికి వాకిలి నిండా జనం. గోడకు ఆనించిన అట్టను ఎవరూ పట్టించుకోలేదు. అది అప్పటికే ఎర్రబడి, పడమటి ఎండను ఖాళీ అరుగు మీదికి కొడుతూ ఉంది.