కెమెరాకు చూపని పాదాలు

ఫోన్ తెరలోని చిన్న గడి ఎప్పుడు గుమ్మమైందో ఝాన్సీకి తెలియదు, లోపలికి అడుగు పెడితే అది ఆస్పత్రి వసారాలానూ ఉంది, వంటిల్లులానూ ఉంది, గట్టు మీద వరాలు కాళ్లు వేలాడేసుకుని కూర్చుని ఉంది. ఫిలోమినా సిస్టర్ ప్రతి బుధవారం గర్భిణులకు ఫోన్‌లో పెట్టే క్లాసులో నెలల తరబడి పక్కపక్క గడుల్లో నవ్వుకున్నవాళ్లు, ఎదురుపడటం మాత్రం ఇదే మొదలు. మనిషి పోయాక ఎదురుపడటమేమిటి, నా ఖర్మ కాకపోతే, అనుకుంటుంది ఝాన్సీ.

"వచ్చీసేవేటే? కూకో," అంటుంది వరాలు.

ఝాన్సీ కూర్చోదు. ఇన్నాళ్లూ భుజాల వరకే తెలిసిన మనిషికి పాదాలు కూడా ఉన్నాయి, అవి బూరెల్లా పొంగి ఉన్నాయి, వేళ్లకు మెట్టెలు లేవు.

"సిస్టర్ ఆవేళ వాపులున్నాయేమో చూస్తానని అందరినీ పాదాలు చూపించమంది కదే!"

"ఎలాగ చూపెడతానే? బిగుసుకుపోనాయని మెట్టెలు సబ్బు రాసి తీసీసినాను. కుచ్చిళ్లు కప్పుకుని కూకున్నాను. పక్కనే మా అత్త. మగడుండగా మెట్టెలు తీసీసినావేటని ఇల్లు పీకి పందిరేసీదు."

"ఏదో ఒకటి సర్దిచెప్పమని నాకు మెసేజ్ పెట్టావు. నా నోరు పడిపోను, వరాలుకి సిగ్నల్ లేదు సిస్టర్, వచ్చే వారం చూపిస్తుందిలెండి అనేశాను. ఆ ఆదివారమే నీకు ఫిట్సొచ్చాయి."

"నానే కదా అడిగినాను."

"అడిగితే మాత్రం!"

గట్టు కదిలి బస్సులో సీటవుతుంది, కిటికీలోంచి ఎవరిదో పసిపిల్ల ఏడుపు వినిపిస్తుంది, వరాలు అటే చెవి పెడుతుంది.

"నా పిల్ల ఎవరి పోలికే?"

"చూడలేదే. ముఖం చెల్లక రాలేదు."

వరాలు కిటికీ వైపు నుంచి తిరిగి, వంగి, "సరే గానీ, నీ పాదాలు చూపించు," అంటుంది, ఝాన్సీ ఎందుకో సిగ్గుపడి కుచ్చిళ్లు కిందికి లాక్కుంటుంది.

"ఝాన్సీగారూ, వినిపిస్తోందా?"

ఒళ్లో ఫోన్. క్లాసు మొదలయ్యేలోగా దిండుకు చేరగిలబడి కునికినట్టుంది. తెర మీద సిస్టర్, మిగతా ఆడవాళ్లు. ఎదురుగా కుర్చీలో మామగారు పేపరు చదువుతున్నారు, గుమ్మంలో అత్తగారు చిక్కుళ్లు ఒలుస్తున్నారు.

ఝాన్సీ కుచ్చిళ్లు పైకి తీసి మెట్టెను తిప్పబోయింది. అది చర్మంలో దిగబడి ఉంది, తిరగలేదు.

"కాళ్లు కప్పుకోవే, మామగారున్నారు!" అన్నారు అత్తగారు.

ఝాన్సీ ఫోన్‌ను పాదాల దగ్గర పెట్టింది.

"సిస్టర్, ముందు ఇవి చూడండి."